సవరణ చీటీ

అతను ముప్ఫై నాలుగేళ్ళు థర్మామీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్ష గదిలో పనిచేశాడు. చదివింది ఐదో తరగతి. అక్కడ అందరూ అతన్ని డిగ్రీ అనేవారు. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకాయన నిజంగానే డిగ్రీ చదివాడనుకుని రెండు నెలలు మీరు అని పిలిచాడు. సంగతి తెలిశాక నువ్వులోకి దిగాడు. "నాకేం తేడా రాలేదు. ఆయనకే రెండు డిగ్రీలు పడిపోయింది," అనేవాడు అతను.

పరీక్ష గదికి ఒకటే కిటికీ, అదీ ఎండ పడని వైపు. గది మధ్యలో నీటి తొట్టి. నీళ్ళను ముందు తొంభై ఎనిమిది దగ్గర, తర్వాత నూట రెండు దగ్గర, తర్వాత నూట ఆరు దగ్గర నిలబెట్టేవారు. పన్నెండేసి థర్మామీటర్లను ఒక చట్రానికి గుచ్చి, ముంచి, తీసి, భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చదవాలి. తొట్టిలో ఎప్పుడూ ఒక పొడుగాటి థర్మామీటరు నిలబడి ఉండేది. మిగతావాటిని దానితో పోల్చి ప్యాసో ఫెయిలో చెప్పేవారు. దాన్ని అందరూ పెద్దాయన అనేవారు.

పెద్దాయనకు కూడా తప్పుంటుంది. ఆ మాట, అతను పనిలో చేరిన మొదటి రోజే మేస్త్రీ చెప్పాడు.

"తప్పులేని గొట్టం ఉండదురా. ఎంత తప్పో మనకు తెలిసినవి కొన్ని, తెలియనివి కొన్ని. అంతే."

పెద్దాయన పెట్టెలో ఒక చీటీ ఉండేది. ఇన్ని డిగ్రీల దగ్గర ఇంత తీసెయ్యాలి, ఇన్ని డిగ్రీల దగ్గర ఇంత కలపాలి అని. దాన్ని సవరణ చీటీ అనేవారు. ఏడాదికోసారి పెద్దాయనను దంచిన ఐసులో నిలబెట్టి చూసి చీటీ కొత్తగా రాసేవారు. గాజుకు వయసొస్తుంది. కొలిమిలోంచి వచ్చిన గాజు ఆ తర్వాత ఏళ్ళ తరబడి కంటికి ఆనకుండా ముడుచుకుంటూనే ఉంటుంది. అడుగునున్న బుడ్డి ఇరుకవుతుంది. పాదరసం వెంట్రుకవాసి పైకి జరుగుతుంది. పగులూ ఉండదు, మరకా ఉండదు.

"నిరుటి చీటీతో ఈ ఏటి గొట్టాన్ని చదివేవాడికి కళ్ళుండీ లేనట్టే," అనేవాడు మేస్త్రీ.

ముప్ఫై నాలుగేళ్ళలో అతను ఒక్కసారి కూడా అలా చదవలేదు.

అతని భార్య గీతల గదిలో పనిచేసేది. గాజు మీద ఆసిడ్‌తో గీతలు కొరికించాక వాటిలో నల్లరంగు నింపి తుడవాలి. గుడ్డ కంటే బొటనవేలు నయం. అందుకే ఆ గది ఆడవాళ్ళ బొటనవేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. పెళ్ళికి ముందు ఒకసారి అతను ఒక గొట్టాన్ని వెనక్కి తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాడు.

"నూట మూడు దగ్గర గీత మసగ్గా ఉంది."

ఆమె తలెత్తకుండానే, "నూట మూడు జ్వరమొచ్చినోడు గీత చూసుకుంటాడా, డాక్టర్ని చూసుకుంటాడా?" అంది.

అతను గొట్టాన్ని ఆమె బల్ల మీదే వదిలి పరీక్ష గదికి వెళ్ళిపోయాడు. కూతురు పుట్టాక ఆమె పని మానేసింది. బొటనవేలి నలుపు వదలడానికి రెండేళ్ళు పట్టింది.

పెళ్ళయిన కొత్తలో అతను ఒక అలవాటు చేసుకున్నాడు. ఆ వారం ప్యాసైన థర్మామీటర్లలో ఒకటి శనివారం సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. ఆదివారం పొద్దున కాఫీకి ముందు ఆమె నాలుక కింద పెట్టేవాడు. మూడు నిమిషాలు. తీసి, కిటికీ దగ్గర చదివి, నోటుబుక్కులో తేదీ, అంకె రాసేవాడు. సోమవారం థర్మామీటరు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేది. ఎందుకని ఎవరైనా అడిగితే, తొట్టిలో బాగా పనిచేసినది మనిషిలో ఎలా పనిచేస్తుందో చూడాలిగా అనేవాడు.

"నా నోరు మూయించడానికి ఈ మనిషికి దొరికిన ఉపాయం ఇదొక్కటే," అనేది ఆమె, గొట్టం పెట్టే ముందు. తీశాక, "ప్యాసయ్యానా?" అనేది.

"ప్యాసే."

"ఎప్పుడూ నా నోరేనా? మీకు నోరు లేదా?"

"నా నోట్లో ఉంటే చదివేదెవరు?"

"నేను నింపిన గీతలు నేను చదవలేనా?"

అతను నవ్వి గొట్టాన్ని పెట్టెలో పెట్టేశాడు.

తర్వాత పాదరసం విషమని వద్దన్నారు. బ్యాటరీతో నడిచేవి వచ్చాయి. ఫ్యాక్టరీ మూతపడే రోజున అతను ఒక థర్మామీటరు జేబులో వేసుకుని గేటు దాటాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ దానితోనే గడిచాయి. మొత్తం మూడు నోటుబుక్కులు, నలభై ఆరేళ్ళు. అంకెలు తప్ప వాటిలో ఇంకేమీ లేవు. జబ్బు చేసిన రోజుల్లో మాత్రం అంకె కింద రెండు గీతలుండేవి. ఇరవై ఆరో ఏట టైఫాయిడ్, నూట నాలుగు. నలభై దాటాక ఊపిరితిత్తుల్లో నిమ్ము, నూట మూడు. యాభై ఎనిమిదిలో మూత్రంలో చీము, నూట ఒకటి. అరవై అయిదులో మళ్ళీ నిమ్ము. వారం రోజులు మంచం మీదుంది. జ్వరం నూరు దాటలేదు.

"చూశావా, వయసొచ్చేకొద్దీ నీ ఒళ్ళు గట్టిపడుతోంది. ఇదివరకు నూట నాలుగు వచ్చేది. ఇప్పుడు నూరు దగ్గరే ఆగిపోయింది," అని సంతోషించాడు.

"రాయిలా తయారవుతున్నానన్నమాట," అంది ఆమె. ఆ నిమ్ము నుంచి లేవడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఆ సంగతి నోటుబుక్కులో లేదు.

ఆమెకు డెబ్భై నడుస్తున్నప్పుడు, ఒక మంగళవారం పొద్దున, కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యగారూ, అక్క కిందికొచ్చి నలుపు డబ్బా ఏదని అడుగుతోంది. నా దగ్గర నల్లదారం ఉందిగాని నలుపు డబ్బా ఎక్కడిది? నవ్వులాటకేమో అనుకున్నా. ఆమె నవ్వలేదు."

ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. చేయి పట్టుకుని పైకి తెచ్చాడు. గొట్టం విదిలించి నోట్లో పెట్టాడు. తొంభై ఎనిమిది పాయింట్ రెండు.

"జ్వరం లేదు," అన్నాడు కుట్టుపని ఆవిడతో. "నిద్ర చాలక."

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. బుధవారం మంచం దిగలేదు. దుప్పటి అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది, చివరి నుంచి మొదటికి, మళ్ళీ మొదటి నుంచి చివరికి. ఏం చేస్తున్నావంటే, "ఈ బండిల్ అయిపోవాలి. పరీక్ష గది వాడొచ్చి మసగ్గా ఉందంటాడు," అంది. అతన్ని చూస్తూనే అంది.

కూతురు అవతలి పేటలో ఉంటుంది. బడి ఆఫీసులో గుమాస్తా. ఫోన్ చేసింది.

"ఆసుపత్రికి తీసుకెళ్దాం నాన్నా. అమ్మ మాట తేడాగా ఉంది."

"జ్వరం లేందే ఆసుపత్రి దేనికి? వాళ్ళు మొదట అడిగేది అదే."

"అన్నిటికీ జ్వరమే ఉండాలా?"

"ఒంట్లో చీము పడితే జ్వరం రాకుండా ఉంటుందా? ఎన్నిసార్లు చూశాను? నాలుగేసి గంటలకోసారి తీస్తూనే ఉన్నాను."

"నీ గొట్టం పాతబడిందేమో."

ఆ మాట అతనికి తగిలింది. ఫోన్ పెట్టేసి ఫ్రిజ్‌లోంచి ఐసు తీశాడు. జ్వరం గొట్టం ఐసులో చదవదని అతనికి తెలుసు. తీసిన ఐసును సింకులో పారబోసి, బక్కెట్లో గోరువెచ్చని నీళ్ళు పట్టి, కింది వాటా వాళ్ళ బ్యాటరీ థర్మామీటరు అడిగి తెచ్చి, రెండూ కలిపి ముంచాడు. రెండూ ఒకే అంకె చూపించాయి. గొట్టంలో తప్పు లేదు.

గురువారం సాయంత్రం సరిగ్గా తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. డాక్టర్ల గోడ మీద పటంలో రాసి ఉండే అంకె. ఇంత నిఖార్సుగా ఆమెకు వచ్చి ఎన్నేళ్ళయిందో. కూతురికి తనే ఫోన్ చేసి చెప్పాడు. "సరిగ్గా మామూలుకొచ్చింది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు." ఆ పూట అతను కడుపునిండా తిన్నాడు.

శుక్రవారం పొద్దున ఆమెను లేపబోతే లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని కూతురి కంటే చిన్నది. మూత్రంలో మొదలైన చీము రక్తంలోకి పాకిందని చెప్పింది. నాలుగు రోజులై ఉంటుందంది.

"జ్వరం లేదమ్మా," అన్నాడు. సంచిలోంచి మూడో నోటుబుక్కు తీశాడు. "నాలుగు రోజులూ రాశాను. మీరే చూడండి."

ఆమె చూసింది. ఆమె వేలు పేజీలో పైకి జరిగింది. వెనక పేజీ తిప్పింది. ఇంకా వెనక్కి తిప్పింది.

"ఇవన్నీ ఆమెవేనా?"

"ఆమెవే. ఆదివారం ఆదివారం."

"పోయిన నెలంతా తొంభై ఆరున్నర లోపే ఉంది."

"అవును."

"ఆ ముందూ అంతే."

"అవును."

"మరి తొంభై ఎనిమిది పాయింట్ ఆరంటే రెండు డిగ్రీలు పైన. మనకైతే అది నూటొకటి కింద లెక్క. ఆమె మామూలు ఎప్పుడో కిందికి దిగిపోయింది." ఆగి, మెల్లగా అంది. "ఆమెకి జ్వరం ఉంది. మంగళవారం నుంచీ ఉంది."

డాక్టరమ్మ అనుకోకుండానే సవరణ చీటీ చదివింది. అతను నోటుబుక్కు వెనక్కి తీసుకున్నాడు. మొదటి నోటుబుక్కులో తొంభై ఎనిమిదిన్నర. రెండోదాంట్లో తొంభై ఏడు చిల్లర. మూడోదాంట్లో తొంభై ఆరు. నలభై ఆరేళ్ళు ఆ అంకెలు వెంట్రుకవాసి చొప్పున దిగుతుంటే అవన్నీ తన చేత్తోనే రాశాడు. పెద్దాయన చీటీ ఏడాదికోసారి మార్చినవాడు, ఇంట్లో మనిషిని పెళ్ళినాటి చీటీతో చదివాడు.

అతని భార్య ఆ ఆసుపత్రిలో పదిహేడు రోజులుంది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ తీరిక చేసుకుని అతని పక్కన బెంచీ మీద కూర్చుంది. అతనే అడిగాడు, వయసులో ఉన్నప్పుడు వచ్చినంత జ్వరం ఇప్పుడెందుకు రాలేదని.

"జబ్బుని గుర్తుపట్టి ఎదురు తిరిగే కణాలు ఒంట్లో ఉంటాయి తాతగారూ. జబ్బు రాగానే అవి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోయి పెరగాలి. ఒక్కో కణం ఎన్నిసార్లు విడిపోగలదో దానికొక హద్దు ఉంది. ప్రతి జబ్బూ అందులోంచి కొంత వాడేసుకుంటుంది. అంతా జబ్బుల వల్లే అని కాదు. ఊరికే బతికినా కొంత అయిపోతుంది."

"అయిపోయినవి చచ్చిపోతాయా?"

"కొన్ని పోవు. అదే చిక్కు. విడిపోవు, పని చెయ్యవు, అలాగే కూర్చుంటాయి. ఊరికే కూర్చోకుండా పక్కవాటిని కూడా చెడగొడతాయి."

"మూతపడే ముందు మా ఫ్యాక్టరీలో మేమూ అంతే," అన్నాడు.

ఆమె నవ్వింది. తర్వాత అతని ముఖం చూసి ఆపేసింది.

"పాత జబ్బుల్ని గుర్తుంచుకున్న కణాలు చోటంతా ఆక్రమించేస్తాయి. కొత్తవి పుట్టడం తగ్గిపోతుంది. కొత్త జబ్బొస్తే పంపడానికి ఎవరూ మిగలరు. జ్వరం అంటే ఒళ్ళు పెట్టుకునే మంట. కట్టెలు తక్కువైతే మంట చిన్నదవుతుంది. జబ్బు చిన్నదని కాదు."

నూరు దగ్గర ఆగిపోయిందని తను సంతోషించిన రోజు అతనికి గుర్తొచ్చింది.

"మళ్ళీ వస్తుందా?"

"రావచ్చు. ఈ జబ్బు కూడా ఇంకొంత తినేసింది కదా. ఈసారి ఆమె మామూలు మీద రెండు డిగ్రీలు పెరిగితే ఆగొద్దు. వెంటనే తీసుకురండి."

ఇంటికి తెచ్చిన ఆమె పాత మనిషి కాదు. కూర్చోబెడితే కూర్చుంటుంది, తినిపిస్తే తింటుంది. మాట్లాడదు. కూతుర్ని చూసి ఒకసారి తలూపింది. అతను ఎవరో ఆమెకు తెలిసినట్టు ఒకటే గుర్తు. అతను దగ్గరికొస్తే నోరు తెరిచి నాలుక పైకెత్తేది. చేతిలో గొట్టం ఉన్నా లేకపోయినా. నీళ్ళ గ్లాసుతో వచ్చినా, దువ్వెనతో వచ్చినా, నోరు తెరిచి ఎదురుచూసేది.

అతను రోజుకు మూడుసార్లు కొలిచాడు. పది రోజుల అంకెలు కలిపి సగటు తీశాడు. తొంభై అయిదు పాయింట్ తొమ్మిది. అట్టముక్క కోసి ఫ్యాక్టరీలో రాసే పద్ధతిలోనే చీటీ రాశాడు. తేదీ, మామూలు, హద్దు. హద్దు తొంభై ఏడు పాయింట్ తొమ్మిది. దాన్ని మంచం తలవైపు గోడకు అంటించాడు. రెండు వారాలకోసారి కొత్త చీటీ రాశాడు.

కుట్టుపని ఆవిడ పాలు ఇవ్వడానికి వచ్చి ఆ చీటీ చూసింది. "ఇదేదో ముందే రాసుంటే బాగుండేది అన్నయ్యగారూ," అంది. అని నాలుక్కరుచుకుంది. అతను గిన్నె అందుకున్నాడు.

తొమ్మిదో వారం, బుధవారం, పొద్దున ఎనిమిదింటికి తొంభై ఏడు పాయింట్ తొమ్మిది. గొట్టాన్ని అలాగే పెట్టెలో పెట్టి, జేబులో వేసుకుని, కిందికి దిగి ఆటో పిలిచాడు. తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ ముందు గదిలో నర్సు తన థర్మామీటరు ఆమె చెవిలో పెట్టి చూసింది.

"తొంభై ఎనిమిది. జ్వరం లేదు పెద్దాయనా. అక్కడ కూర్చోండి, పిలుస్తాం."

"ఉందమ్మా."

"అంకె కనిపిస్తోంది కదా."

"కనిపిస్తోంది," అన్నాడు. "నాక్కూడా నాలుగు రోజులు అలాగే కనిపించింది."

నోటుబుక్కు ఆమె ముందు పెట్టి కదలకుండా నిలబడ్డాడు. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నారు. "తాతా, నువ్వొక్కడివే ఉన్నావా ఇక్కడ?" అన్నాడు ఎవరో. అతను వెనక్కి తిరగలేదు. నర్సు పేజీ చూసింది, అతన్ని చూసింది, లేచి లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ వచ్చింది. పదిన్నరకల్లా సూది మందు నరంలోకి దిగుతోంది.

మూడోరోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

"మీరు సమయానికే తెచ్చారు," అంది డాక్టరమ్మ. "ఇంతకంటే ముందు ఎవరూ తేలేరు. మందు సరైనదే. మందు ఒక్కటే సరిపోదు, ఒళ్ళు కూడా కొంత చెయ్యాలి. ఒంట్లో ఏమీ మిగల్లేదు."

ఆమె ఓదార్చడానికే చెప్పింది. మొదటిసారి ఆలస్యం చేశాడు, అయినా భార్య పోలేదు. రెండోసారి ఆలస్యం చెయ్యలేదు, పోయింది. మొదటి నాలుగు రోజుల్లో ఒంట్లో మిగిలిందేదో ఖర్చయిపోయింది కాబట్టే రెండోసారి ఏమీ లేదు. ఆ లెక్క డాక్టరమ్మ చెప్పలేదు. అతనే వేసుకున్నాడు.

తర్వాత కూతురు కొన్నాళ్ళు ఇక్కడే ఉంది. బడి ఆఫీసుకు ఇక్కణ్ణుంచే వెళ్ళొస్తోంది. గోడ మీది చీటీ ఆమె పీకలేదు, అతనూ పీకలేదు. థర్మామీటరు పెట్టె కిటికీలో ఉంది. జ్వరం గొట్టంలో పాదరసం తనంతట తాను దిగదు. బుడ్డి మెడ దగ్గర సన్నటి నొక్కు ఉంటుంది. పైకెక్కినది విదిలించేదాకా అక్కడే నిలిచి ఉంటుంది. తొంభై ఏడు పాయింట్ తొమ్మిది. అతను రోజూ పెట్టె తెరిచి చదివి మూసేవాడు.

ఒక ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు అతని చేతిలో తొణికింది. కూతురు చేయి పట్టుకుని చూసింది.

"వణుకుతున్నావు నాన్నా."

"చలిగా ఉంది."

"చలెక్కడిది? ఫ్యాను కూడా వెయ్యలేదు."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి పెట్టె తెరిచింది. అతను వద్దనబోయాడు. చిన్నప్పుడు అతను నేర్పినట్టే ఆమె మణికట్టు తిప్పి మూడుసార్లు విదిలించింది. నాలుగోసారి విదిలించక్కర్లేకపోయింది.

"నోరు తెరువు."

తెరిచాడు. గాజు నాలుక కింద చల్లగా తగిలింది. ఇన్నేళ్ళలో అది ఎలా ఉంటుందో అతనికి తెలియదు. మూడు నిమిషాలు. ఆమె గొట్టం తీసి కిటికీ వైపు తిప్పింది.

"తొంభై ఏడు పాయింట్ ఎనిమిది." నోటుబుక్కు తెరిచి, అమ్మ చివరి అంకె కింద గీత కొట్టి, తేదీ రాసి, ఆగింది. "నీ మామూలెంత నాన్నా?"

అతను నోటుబుక్కుల వైపు చూశాడు. మూడూ బల్ల మీదే ఉన్నాయి.

"తెలీదు," అన్నాడు.

"ఎప్పుడూ చూసుకోలేదా?"

"నా నోట్లో ఉంటే చదివేదెవరు?" అన్నాడు. కూతురు గొట్టాన్ని వెలుతురులో ఇంకోసారి చదివింది. అంకె అదే. అది ఎక్కువో తక్కువో చెప్పగలది ఆ ఇంట్లో ఏదీ లేదు.